విత్తనాల కుప్ప ముందు సినిమా కథ

మొన్న సాయంత్రం మా కోడలు సోలార్ ప్లేట్లు కడిగే పని నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, సీరియల్ చూద్దామని కూర్చున్నదల్లా మొదటి పాట అయ్యేలోపే గోడకు ఒరిగి నిద్రపోయింది. లేపబుద్ధి కాక, సౌండు తగ్గించి నేనొక్కదాన్నే చూస్తూ కూర్చున్నాను. సీరియల్లో అత్తగారు కోడలి పాయసంలో ఏదో కలిపి, అరగంటసేపూ గరిటె తిప్పుతూనే ఉంది. ఆ పాయసం చివరికి ఎవరు తాగుతారో నాకు ముందే తెలుసు, ఎందుకంటే ఇదే కథ కన్నడ చానెల్లో ఎప్పుడో వచ్చేసింది, పక్కింటావిడ చూసి చెప్పేసింది కూడా. కర్ణాటకలో చేరిన ఈ తెలుగు పావగడ తాలూకాలో కాపురమంటే ఇంతే, ఒకే ఏడుపును రెండు భాషల్లో ఏడవాలి. ఆ గరిటె అలా తిరుగుతుంటే, కోడలిని పని మాన్పించి మరీ సినిమాకు పంపిన మా అత్త గుర్తొచ్చింది.

మా అత్తకు సినిమా అంటే ప్రాణం. మామ ఉన్నన్నాళ్ళూ బండి కట్టించుకుని నాగలమడిక టెంటు సినిమాకు వెళ్ళి, నేల మీద కూర్చుని చూసి వచ్చేదట. నేను కాపురానికి వచ్చిన ఏడాదే మామ పోయారు. అంతే, ఆమె మళ్ళీ టెంటు వైపు తొంగి చూడలేదు. వద్దని ఇంట్లో ఎవరూ అనలేదు గానీ, బొట్టు తీసిన మనిషికి సినిమా ఏమిటని నలుగురూ ఆడిపోసుకుంటారని ఆమెకు భయం. భయమైతే ఉంది, ఆశ ఎక్కడికి పోతుంది? కొత్త బొమ్మ పడిందని తెలిస్తే చాలు, నన్నూ మా తోడికోడలినీ పిలిచి, చేస్తున్న పని ఎక్కడిదక్కడ వదిలేసి పోయి చూసి రమ్మనేది, వచ్చి ఒక్క ముక్క వదలకుండా కథంతా చెప్పాలని షరతు పెట్టేది.

ఆ చెప్పడం ఎప్పుడంటే, విత్తనానికి శనక్కాయలు ఒలిచేటప్పుడు. మిషన్లో వేస్తే గింజ పైపొట్టు ఊడిపోతుంది, అది మొలవదు, కాబట్టి విత్తనం చేత్తో ఒలవాల్సిందే. ఎండాకాలమంతా నడవలో కుప్ప పోసుకుని, బొటనవేళ్ళు బొబ్బలెక్కేదాకా ఒలిచేవాళ్ళం. కథ ఉందంటే ఇరుగుపొరుగు ఆడవాళ్ళు కూడా వచ్చి చెయ్యి వేసేవాళ్ళు, అయిపోతే లేచిపోయేవాళ్ళు. అందుకని కుప్ప తరిగేదాకా నేను కథను సాగదీసేదాన్ని, హీరోయిన్ కట్టుకున్న చీర అంచు దగ్గరే కాసేపు గడిపేదాన్ని. నిడుగల్లు వైపు గొర్రెలు కాసుకునే ఇంటి నుంచి వచ్చినదాన్ని, వంట రాదని, మాట రాదని తిట్లు తిన్నదాన్ని. ఆ ఇంట్లో నాకంటూ కాస్త విలువ ఉన్నదల్లా ఆ కుప్ప ముందే.

ఒక సినిమాలో కొడుకులు ఆస్తి పంచుకుని తల్లిని గెంటేస్తారు. ఆమె బస్టాండులో ప్రాణం వదిలేస్తుంది. ఇది చెప్పే రోజుకు మామ పోయి ఎన్నాళ్ళో కాలేదు. తల్లి బస్టాండు చేరేసరికే మా అత్త చేతులు ఆగిపోయాయి, కళ్ళు నిండిపోయాయి. తల్లి చచ్చిపోయిందని చెప్పడానికి నాకు నోరు రాలేదు. చిన్నకొడుకు బస్సు దిగి పరిగెత్తుకుంటూ వచ్చాడని, తల్లిని ఇంటికి తీసుకుపోయాడని చెప్పేశాను. మా తోడికోడలు నా వైపు గుడ్లు మిటకరించి చూసి, మళ్ళీ కాయలు ఒలవడంలో పడింది.

ఏళ్ళు గడిచి ఇంట్లోకి టీవీ వచ్చాక, ఒక ఆదివారం ఆ సినిమానే వేస్తారని తెలిసింది. ఇన్నేళ్ళు చెప్పిన కథలన్నీ అబద్ధాలే అనుకుంటుందేమో, ఉన్న ఆ కాస్త విలువా పోతుందేమోనని ఆ పూట అన్నం సయించలేదు. నీ పని అయిపోయిందని తోడికోడలు ఒకటే నవ్వు. ఇరుగుపొరుగు వచ్చి చేరితే, అత్త వాళ్ళ ముందు వరసలో కూర్చుని చివరిదాకా చూసింది. తెర మీద తల్లి చచ్చిపోయింది. అత్త ముక్కు చీది, “ఆపేయ్ మే దాన్ని. ఆ చిన్నోడు బస్సు దిగి వచ్చినాడు కదా, ఆడ వాణ్ణి ఎందుకు చూపియ్యలేదు? ఈళ్ళు తప్పు తీసినారు. నువ్వు చెప్పు మే,” అంది. నిజంగానే నమ్మిందో, నలుగురిలో నా పరువు కాపాడిందో అడిగే ధైర్యం నాకు ఏనాడూ రాలేదు. టీవీ ఉండగానే నా కథలు మరెన్నో ఎండాకాలాలు నడిచాయి.

వల్లూరు చుట్టుపక్కల భూములన్నీ సోలారుకు పోయినప్పుడు మేమూ మా చేను గుత్తకిచ్చాం. వానలు లేవు, ఇవ్వక ఏం చేస్తాం? ఆ ఎండాకాలం నడవలో విత్తనాల కుప్ప లేదు. అయినా అలవాటు కొద్దీ అత్త అక్కడే కూర్చుంది, నేనూ కొత్త కథ ఎత్తుకున్నాను. సగంలో ఆమె నా మోకాలి మీద చెయ్యి వేసి, “చాల్లే మే. చేతిలో పని లేకపోతే కథ చెవికెక్కదు,” అంది. నా మాటంటే విసుగు పుట్టిందనుకుని ఆ రోజు చాటుగా ఏడ్చాను. పోయేదాకా ఆమె మళ్ళీ కథ అడగలేదు.

ఇప్పుడు నాకు ఆమె వయసు వచ్చింది. కోడలికి ఒళ్ళు హూనమయ్యే పని, కూర్చుంటే కన్ను మూతపడుతుంది. నేనేమో చేతులు ఒళ్ళో పెట్టుకుని ఒకదాని తర్వాత ఒకటి సీరియళ్ళు చూస్తాను. లేచేసరికి రోజంతా కలుపు తీసినట్టు నడుము పట్టేసి ఉంటుంది. చూసింది చెప్పమని ఎవరైనా అడిగితే ఒక్క ముక్క నోటికి రాదు. అడిగేవాళ్ళూ లేరు.