వంటింట్లో పురుగుల సీసా

మా అత్తయ్యను ఆఫీసులో అందరూ పురుగులమ్మ అంటారు. కోపం రాదు సరికదా, పిలిస్తే పలుకుతుంది కూడా. వ్యవసాయ పరిశోధన కేంద్రంలో ఇరవై రెండేళ్లుగా ఆవిడ పని పెసలను తొలిచే పుచ్చు పురుగులను పెంచడం. ఏ ఆకు రసం, ఏ గింజ నూనె వాటిని ఆపుతుందో చూడాలంటే ముందు పురుగులు ఉండాలి కదా! సీసాలో గుప్పెడు పెసలు, పది జతల పురుగులు, మూతికి పల్చటి గుడ్డ. నెల తిరిగాక ఎన్ని గింజలకు బొక్కలు పడ్డాయో చూసి రాస్తుంది.

ఆవిడ ఉద్యోగం నా ప్రాణానికి వచ్చింది. గుమ్మం బయటే చీర దులిపి, స్నానం చేస్తే గానీ వంటింట్లో అడుగు పెట్టదు. అక్కడితో ఆగినా బాగుండేది. నేను కాపురానికి వచ్చిన రోజు నుంచీ ఇదే పాట: "కొట్టు సంచి విదిలించావా? ఒక్కటి దూరిందంటే పప్పుల డబ్బాలన్నీ గోవిందా!"

రిటైర్మెంటు రెండు నెలలుందనగా ఆవిడకో కోరిక పుట్టింది. వాళ్లమ్మ విత్తనాల పెసలకు వస కొమ్ము సారం పట్టించి, నీడన ఆరబెట్టి దాచేదట. అందరి మందులూ ఆ సీసాల్లోకి వచ్చాయి గానీ అమ్మ మందు రాలేదు. మొహమాటం చంపుకుని పై ఆఫీసరు మేడమ్‌ని అడిగింది. మేడం వయసులో చిన్నది, మనసు మంచిది. "చూద్దామమ్మా. పనిచేస్తే రిపోర్టులో రాద్దాం" అంది.

మూడు సీసాల్లో మందు పట్టించిన పెసలు, మూడింటిలో పట్టించనివి. ఎప్పటిలాగే వెచ్చని గదిలో, ఒకే అరలో, పక్కపక్కనే పెట్టింది. నెల తర్వాత మందు పెట్టిన వాటిలో ఒక్క బొక్క లేదు. పెట్టని వాటిలోనూ లేదు!

"రెండూ ఒకేలా ఉంటే మందు పనిచేసిందని ఎలా రాయను? పురుగులే నాసిరకం అయ్యుంటాయి" అందట మేడం.

"నా పురుగులు నాసిరకమట, విన్నావా!" అంటూ అత్తయ్య కంచం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేదు. "అమ్మ మందును చేజేతులా నవ్వులపాలు చేశాను." నాకు నవ్వొచ్చింది, ఆవిడ ముఖం చూస్తే ఏడుపూ వచ్చింది.

మర్నాడు మందు పెట్టని సీసా ఒకటి తెచ్చి గుమ్మం బయట పెట్టింది, ఇంకోసారి వెలుగులో చూద్దామని. నేను గుడ్డ విప్పగానే ముక్కు మూసుకున్నాను.

"మందు పెట్టలేదన్నారు, గుప్పున ఈ వస కంపేంటి అత్తయ్యా?"

లాక్కుని వాసన చూసింది. మళ్లీ చూసింది. "ఓసి నా మతి మండా! పక్కనే పెట్టానే! వాసన గుడ్డల్లోంచి దూరింది. మా అమ్మ మందు పనిచేయకపోవడం కాదే, పక్కింటికీ పనిచేసింది!"

ఈ మాట రుజువు చెయ్యాలంటే మందు పెట్టని సీసాలు దూరంగా ఉండాలి. ఆఫీసులో వెచ్చని గది అదొక్కటే. అత్తయ్య నెమ్మదిగా మా పొయ్యి పక్క అర వైపు చూసింది.

"మన వంటింట్లోనా!" అన్నాను.

"థర్మామీటరు పెట్టి చూశాను. సరిగ్గా అంతే వేడి."

ఎనిమిదేళ్లు నాచేత సంచులు విదిలింపించిన మనిషి, మేడమ్‌ని ఒప్పించి, పురుగుల సీసాలు పట్టుకుని దర్జాగా వంటింట్లోకి నడిచొచ్చింది. కంచే చేను మేయడమంటే ఇదే. నెలంతా నేను పొద్దున్నే ఆ సీసాలే చూసేదాన్ని. పురుగు పట్టాలని మొక్కుకున్న ఇల్లాలు లోకంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

ఇరవై ఎనిమిదో రోజు సీసాలు పురుగులతో లుకలుకలాడాయి. "అత్తయ్యా, పట్టాయి!" అని కేక పెట్టాను. తడిచేతులతో పరుగెత్తుకొచ్చి నన్ను వాటేసుకుంది. "చూశావా, నా పురుగులు నాసిరకమా?" ఆఫీసులో మందు పెట్టిన సీసాల్లో మాత్రం ఈసారీ ఒక్క బొక్క లేదు.

ఆఖరి రోజు నన్నూ ఆఫీసుకు తీసుకెళ్లింది. మేడం రిపోర్టు రాస్తూ తలెత్తింది. "ఈ మందు చెప్పినవారని మీ పేరే రాయనా?"

"మా అమ్మ పేరు రాయండి" అంది అత్తయ్య. ఇంటిపేరుతో సహా, ఒక్కో అక్షరం విడదీసి చెప్పింది. ఆ పేరు నేను వినడం అదే మొదటిసారి.

ఇంటికొచ్చాం. గుమ్మం బయట ఇద్దరం చీరలు దులుపుకున్నాం.