ఒకటి తొమ్మిదైన సాయంత్రం

ఎనభైల మొదట్లో రాజమండ్రిలో, గోదావరి గట్టు పక్కన ఒక పాత గదిలో, నేను చాలాకాలం ఒక కార్డుతో కుస్తీ పట్టాను. అరచేతి కన్నా కాస్త పెద్దది, నిండా చిప్పులు గుచ్చిన ఎలక్ట్రానిక్ కార్డు. తప్పులు దిద్దడం దాని పని. ఆ పని శుభ్రంగా చేసేది, కానీ కరెంటు తెగ తినేది. చిప్పు మీద వేలు పెడితే చురుక్కుమనేది. ఇన్నేళ్ల తర్వాత కూడా దాన్ని తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

వరద కబురు ముందే చెప్పడానికి పెట్టిన వైర్‌లెస్ ఏర్పాటు మాది. ఎగువన నది నీటిమట్టం ఎన్ని అడుగులుందో గంటకోసారి మా గదికి చేరేది. మేం ఆ అంకెను చుక్కలుగా మార్చి రేడియోలో లంకలకు పంపేవాళ్లం. గోదావరి పాయల మధ్య ఉన్న ఆ ఊళ్లలో, ఊరికొక పెట్టె ఉండేది. బొత్తాం నొక్కితే అంకె ఎర్రగా వెలిగేది. దారిలో ఉరుము ఉరిమినా, పక్క చేలో కిరోసిన్ ఇంజను నడిచినా ఒకటో రెండో చుక్కలు చెడిపోయేవి. అందుకని ప్రతి మెసేజీ వెంట కొన్ని అదనపు చుక్కలు పంపేవాళ్లం. పెట్టెలోని కార్డు వాటి సాయంతో ఏ చుక్క చెడిందో పట్టుకుని సరిచేసేది.

లంకల్లో కరెంటు లేదు. పెట్టె లారీ బ్యాటరీ మీద నడిచేది. బ్యాటరీ దిగిపోతే పడవలో గట్టుకు తెచ్చి ఛార్జింగు పెట్టించాలి. వరదొస్తే పడవలు ఆగిపోతాయి. అంటే పెట్టె అవసరం పడే రోజుల్లోనే అది చచ్చి ఊరుకుంటుంది. ఈ ఏర్పాటు చేసిన పెద్దలకు ఇంత చిన్న విషయం తట్టలేదు.

మా పై అధికారికి మాత్రం ఉపాయం వెంటనే తట్టింది.

"ఆ దిద్దే కార్డు పీకెయ్యండి. బ్యాటరీ హాయిగా వస్తుంది."

"తప్పు అంకె వస్తే ఏంటండి?"

"వస్తే వచ్చిందండీ. గంటకి మళ్లీ సరైంది వస్తుందిగా. మీకు అన్నీ కావాలంటే ఎలాగండి, పెళ్లి సంబంధం చూస్తున్నారా?"

గదిలో ఉన్నవాళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. కార్డు తియ్యకుండానే కరెంటు తగ్గిస్తాను, కాస్త గడువివ్వండని అడిగాను. సరేనన్నారు.

చాలా రోజులు ఏమీ తోచలేదు. తక్కువ తినే చిప్పుల కోసం మద్రాసుకు రాస్తే, ఒకటి అడిగితే ఇంకోటి వచ్చేది. చివరికి కార్డు ఎప్పుడు ఎంత తింటోందో మీటరు పెట్టి కూర్చుని చూస్తే విషయం బయటపడింది. మెసేజీల్లో ఎక్కువ భాగం ఏ తప్పూ లేకుండానే వస్తున్నాయి. అయినా కార్డు ప్రతిదాన్నీ మొదటినుంచి చివరిదాకా దిద్దబోతోంది. వీధి తలుపు తట్టినప్పుడల్లా ఇంటిల్లిపాదినీ లేపినట్టుంది వ్యవహారం. తప్పుందో లేదో చూడటం చిన్న పని, అది ఎక్కడుందో వెతకడమే పెద్ద పని. చూసే భాగం ఒక్కటే మెలకువగా ఉండి, తప్పు కనిపించినప్పుడే దిద్దే భాగానికి కరెంటు ఇస్తే చాలు.

కాగితం మీద రాసుకోవడం తేలికే. నిద్ర లేపిన భాగం మొదట్లో పిచ్చి దిద్దుబాట్లు చేసేది. బాగున్న చుక్కను చెడగొట్టేది. కరెంటు తగలగానే చిప్పులు తలో తీరుగా లేస్తాయి. ముందు వాటన్నిటినీ సున్నాకి తెచ్చి, తర్వాతే మెసేజీ చేతికివ్వాలి. అందాకా మెసేజీని పట్టి ఉంచాలి. ఆ తంటాల్లో ఉండగానే ఆషాఢం వచ్చింది.

ఒకరోజు నాతో మాట మాత్రమైనా అనకుండా పై అధికారి మెకానిక్కును ఒక లంకకు పంపి, ట్రయలు కోసమని కార్డు పీకించేశారు.

ఆ లంకలో పెట్టె ఒక అరటి రైతు ఇంట్లో ఉండేది. ఆయన అంకె చూసి చెబితే ఊరంతా వినేది. ఆ సాయంత్రం ఉరుములు. ఎగువన నీళ్లు నలభై ఒక్క అడుగులు. మా చుక్కల్లో ఒకటికీ తొమ్మిదికీ తేడా ఒకే ఒక్క చుక్క. రైతు బొత్తాం నొక్కితే నలభై తొమ్మిది వెలిగింది.

నలభై తొమ్మిదంటే లంక ఖాళీ చెయ్యాల్సిందే. తర్వాతి గంట అంకె కోసం ఎవరూ ఆగలేదు. వరద ఎలాగూ తోటను ముంచుతుందని ఊరంతా కలిసి ముదరని అరటి గెలలు కొట్టేశారు. దూడల్ని పడవల్లోకి ఎక్కించి, గేదెల పలుపులు పడవకు కట్టి, ఈదించుకుంటూ గట్టుకు చేరారు. నీళ్లు రాలేదు. గట్టు మీద జనం వాళ్లను చూసి నవ్వారట.

సంగతి తెలిసి నేను లంకకు వెళ్లాను. రైతు కోప్పడలేదు. కుర్చీ వేసి కూర్చోబెట్టారు.

"మీ పెట్టె అబద్ధమాడిందండి," అన్నారు. "ఊళ్లో నా మాట ఇంకెవరూ వినరండి."

తిరిగొచ్చి పై అధికారి మీద అరిచాను, ఉద్యోగం పోతే పోయిందనుకుని. ఆయన నా వంక చూసి, "చిన్న పొరపాటండీ," అన్నారు. చిన్నదే, ఒక్క చుక్క.

కొత్త కార్డు కుదిరింది. పాతదాన్నీ దాన్నీ పక్కపక్కన పెట్టి, దగ్గర్లో కిరోసిన్ ఇంజను నడిపించి చూశాను. రెండూ ఎప్పుడూ ఒకే అంకె చూపించాయి. బ్యాటరీ మాత్రం ఎంతకీ దిగలేదు. స్వయంగా తీసుకెళ్లి లంకలో పెట్టెకు బిగించాను. ఇక తప్పు రాదని రైతుకు చెప్పాను. "అలాగేనండి," అన్నారాయన, నా మొహం చూడకుండా.

శ్రావణంలో వరద వచ్చింది. మా గదిలో అంకె నలభై తొమ్మిదికి చేరినప్పుడు లంకలో కూడా అదే వెలుగుతోందని నాకు తెలుసు. తెలిసి ఏం చెయ్యను? పెట్టెతో మాట్లాడటానికి వీలుందిగానీ మనిషితో మాట్లాడటానికి లేదు. గట్టు నుంచి అటు వెళ్లే రేవు పడవలు అప్పటికే ఆగిపోయాయి, ఊరివాళ్ల సొంత పడవలు లంకలోనే ఉన్నాయి.

నీళ్లు తీశాక దొరికిన మొదటి పడవలో వెళ్లాను. మనుషులందరూ మేడ ఉన్న బడి మీదికెక్కి బతికారు. ఇళ్లల్లో మోకాలి లోతు బురద. రైతు పెట్టెను అటక మీదికి ఎక్కించి ఉంచారు. బొత్తాం నొక్కాను. అంకె వెలిగింది, బ్యాటరీ ఇంకా గట్టిగానే ఉంది. నేను ఇన్నాళ్లు కోరుకున్నది సరిగ్గా అదే. దాన్ని అక్కడే నేలకేసి కొట్టాలనిపించింది.

"పెట్టె సరిగ్గానే చెప్పిందండి," అన్నారు రైతు. "నలభై తొమ్మిదని ఊళ్లో చెప్పాను. ఇంకో గంట చూద్దామన్నారు. ఆ గంట గడిస్తే ఇంకో గంట అన్నారు. నేనూ గట్టిగా చెప్పలేకపోయానండి."

ఖాళీగా ఉన్న గేదెల పాక వైపు చూశాను. పలుపులు గుంజలకు కట్టినవి కట్టినట్టే ఉన్నాయి.

ఆయన బురదలోంచి కుర్చీ లాగి, తువ్వాలుతో తుడిచి నా ముందు వేశారు.

"కూర్చోండి. ఏమీ అనుకోకండి, టీ ఇద్దామంటే పాలు లేవండి."