సైకిల్ ట్యూబుతో కుట్టిన గర్భసంచి

ఆవు గర్భసంచి ఎట్లా ఉంటుందో కళ్లతో చూడకముందే నేను నాలుగు కుట్టాను. మా ఆయన నిజామాబాద్ పశువుల దవాఖానలో గడ్డి వేసే నౌకరు. కాంపౌండర్ కావాలంటే ఆవు చూడిదో ఖాళీదో వెనక నుంచి లోపలికి చేయి పెట్టి చెప్పే పరీక్ష పాసవ్వాలి. అప్పటికే ఒకసారి తప్పాడు. రెండోసారీ తప్పితే బతుకంతా గడ్డి మోపులే.

దవాఖానలో విన్నది ఆయన చెప్పేవాడు, నేను కుట్టేదాన్ని. పాత సైకిల్ ట్యూబును కోసి రెండు కొమ్ముల్లాగా మలిచాను. ఎదకొచ్చినప్పుడు సంచి బిర్రుగా ఉంటుందట, ఒకదాంట్లో దూది కుక్కాను. ఎద తగ్గాక మెత్తబడుతుందట, రెండోదాన్ని ఉత్తగా వదిలేశాను. నెల దాటిన చూడికి ఒక కొమ్ములో నీళ్లు నింపిన చిన్న రబ్బరు బుడగ. రెండు నెలల చూడికి ఆ కొమ్ము పక్కదానికి రెండింతలు. అన్నీ గోనెసంచిలో వేసి మూతి బిగించి, చేయి పట్టేంత కంత పెట్టాను. ఆయన కళ్లు మూసుకుని భుజం దాకా చేయి దూర్చి, "ఎద... కాదు, చూడి... కాదు" అంటూ చెమటలు కక్కేవాడు.

మా వాకిట్లో బీడీలు చుట్టే ఆడవాళ్లు మొదట మేం మంత్రాలు చేస్తున్నామనుకున్నారు. సంగతి తెలిశాక ఒక్కొక్కరే వచ్చి చేయి పెట్టారు. ఆకు మందం వేలితో పట్టే చేతులవి, ఒక్కరూ తప్పలేదు. ఒకామె లోపల తడుముతూ, "వదినె, గీ కొమ్ముల నీళ్లున్నయి. గిది నిండు మనిషే" అంది. మా ఆయన మొహం మాడిపోయింది. నాకు ఆయన మీద జాలీ వచ్చింది, కోపమూ వచ్చింది. నెల తిరిగేసరికి మాత్రం ఆయన చేతికీ పట్టు దొరికింది.

పరీక్ష చందూర్‌లో, ఒక చెరకు రైతు కొట్టంలో జరిగింది. సాయంత్రం పాసైన కాగితంతో, జిలేబి పొట్లంతో ఇంటికొచ్చాడు. పొట్లం నా చేతికిచ్చి, నేరుగా పోయి గోనెసంచిలో చేయి పెట్టి కూర్చున్నాడు.

"పాసైనవు గదా, మల్ల గీ పనేంది?" అన్నాను.

"గిదే ఉండె," అన్నాడు రెండు నెలలదాన్ని పట్టుకుని. "మూడో ఆవుకు అచ్చం గిదే ఉండె. డాక్టర్ సాబ్ ముందుగాల సూసి, ఖాళీయే గదా అన్నడు. ఖాళీయే సాబ్ అన్న."

ఖాళీ అని తేలిన ఆ ఆవును రైతు వచ్చే వారం పశువుల అంగడిలో అమ్మేస్తాడట. జిలేబి పొట్లం విప్పకుండానే పక్కన పెట్టాను. పోయి నిజం చెప్పమంటే, "కాగితం గుంజుకుంటరు" అని గోడవైపు తిరిగాడు. తెల్లారి నేనే బస్సెక్కాను.

కొట్టం ముందు రైతు తల్లి కూర్చుని ఉంది.

"అవ్వా, మీ మూడో ఆవు సూడిది. అమ్మకుండ్రి."

"నువ్వు చేయి పెట్టినవా?"

"లేదు. మా ఆయన పెట్టిండు. నేను కుట్టిన."

ముసలామె నన్ను కింది నుంచి మీది దాకా చూసింది. కథంతా చెప్పించుకుంది. "చేయి పెట్టినోడు ఇంట్ల గూసున్నడు, కుట్టినదానివి నువ్వచ్చినవా బిడ్డా? ఆయన్నే తోలియ్యి. గప్పటిదాక ఆవును ఇడువ" అంది. సిగ్గుతో నాకు తలెత్తబుద్ధి కాలేదు.

ఆ మాట ఉన్నదున్నట్టు మా ఆయనకు చెప్పాను. రెండు రోజులు గోనెసంచి జోలికే పోలేదు. మూడో రోజు చందూర్ బస్సు ఎన్ని గంటలకని అడిగాడు.

పోయొచ్చి జరిగింది చెప్పాడు. అవ్వ చుట్టుపక్కల వాళ్లందరినీ పిలిచి, వాళ్ల ముందే మళ్లీ చేయి పెట్టించిందట. "సూడిదే. మొన్న భయపడి అబద్ధం జెప్పిన" అన్నాడట ఈయన. పాసైన నాడు రాని సంతోషం నాకు అప్పుడొచ్చింది.

"అవ్వ ఏమన్నది?" అని అడిగాను.

"కడుపుల ఉన్నది కోడెనా, పెయ్యనా అనడిగింది. గది తెల్వదు అవ్వా అన్న."

"అంటే?"

"గది గూడ తెల్వకుంట నిన్నెట్ల పాస్ జేసిండ్రు అన్నది."