సువార్తమ్మ గొంతు, సర్జన్ చెప్పని మాట

సహోదరులారా, మా ఇంట్లో మాట వినిపించని ఆ నెలల సంగతి చెప్పిగాని నా స్తుతి మొదలుపెట్టలేను. నా భార్య సువార్తమ్మ అశోక్ నగర్ గృహకూడికల్లో పాట అందించే మనిషి. మా కూడికకు పాలమూరు నుంచి పనికి వచ్చిన కుటుంబాలు ఎక్కువ, చాలామందికి చదువు రాదు, ఆమె ఒక్కో వరుస ముందు పలికితే వాళ్లు అందుకొని పాడతారు. అలాంటి మనిషికి మెడలో థైరాయిడ్ గడ్డ లేచింది.

నారాయణగూడలో ఒక సర్జన్ చూసి, "చిన్న ఆపరేషనమ్మా, జల్దీ ఇంటికి పోతరు" అన్నాడు. అపాయమేమైనా ఉందా అని నేను అడగబోతే సువార్తమ్మ నా మోకాలు గిల్లింది.

"ప్రార్థన చేసినంక కీడు నోట పలుకుతరా? ఊకోండ్రి."

మన విశ్వాసుల్లో ఈ భయం ఉంది, అపాయం పేరెత్తితే అది వచ్చి కూర్చుంటుందని.

ఆపరేషన్ అయ్యాక ఆమె నోట గాలి తప్ప మాట రాలేదు. వారాలు గడిచినా రాలేదు. సర్జన్ గదికి వెళ్లి నిలదీశాను.

"గొంతు నరం గడ్డ పక్కనే ఉంటది పెద్దాయనా, అప్పుడప్పుడు ఇట్ల అయితది."

"అయితదని మీకు ముందే ఎరుకేనా?"

"ఎరుకే. చెప్తే పేషెంట్లు భయపడ్తరు."

"భయపడుడో, ధైర్యం చేసుడో మేం చూసుకుంటుంటిమి గదా సారూ. గొంతు ఆమెది."

బడి చదువు లేకుండా, చిక్కడపల్లి లైబ్రరీలో పేపర్లు కూడబలుక్కొని చదువు నేర్చినవాణ్ణి నేను. చెప్తే అర్థం చేసుకోలేనివాణ్ణి కాదు. మేము అడగకపోయినా చెప్పవలసిన బాధ్యత కత్తి పట్టిన మనిషిది.

ఇంటికొచ్చి మోకరించి, "ప్రభువా, నిజం చెప్పే మనిషినైనా చూపించు" అని ఏడ్చాను. హైదర్‌గూడలో ఒక డాక్టరమ్మ దొరికింది. గొంతులో కెమెరా పెట్టి చూసి, "నరం తెగలేదు, దెబ్బ తిన్నది. మాట రావచ్చు, రాకపోవచ్చు అమ్మా. గొంతు కసరత్తులు మాత్రం మానకండి" అని నెమ్మదిగా చెప్పింది. రాకపోవచ్చని విని కూడా సువార్తమ్మ ఆ పూట కడుపునిండా అన్నం తిన్నది!

ఆమె కసరత్తులు చేసింది, సంఘమంతా ప్రార్థించింది. ఒకనాడు కూడికలో ఆమె బదులు నేను పాట అందిస్తూ ఒక చరణం దాటేశాను. వెనుక నుంచి బొంగురు గొంతు: "గది గాదు, నడుమ ఇంకో చరణమున్నది." అందరూ వెనక్కి తిరిగారు. నన్ను తప్పుపట్టడానికైనా దేవుడు ఆమెకు మాట తిరిగి ఇచ్చాడు, ఆయనకే మహిమ!

పాటలో పై స్థాయి ఆమెకు ఇంకా అందదు, అయినా చాలు. మొన్న ఆమెకు కంటి శుక్లం తీయాలన్నారు. నేను నోరు తెరిచేలోపే డాక్టరుతో అన్నది: "ఏమేం కావచ్చునో అంత చెప్పు బిడ్డా. విన్నంక ప్రార్థన చేస్త."

సహోదరులారా, మీరూ ప్రభువును అలాగే నమ్మండి, చెవులు తెరుచుకొని నమ్మండి.