మంత్రి కాకమునుపు ఏం పని?

మొన్న మార్కాపురంలో తెల్లవారేసరికి నాలుగు చినుకులు పడ్డాయి. మా వీధి చివర మూతపడిన పలకల షెడ్డు వెనక, విరిగిన పలకముక్కల గుట్ట ఇప్పటికీ ఉంది. ఎండలో దానికి ఏ వాసనా ఉండదు. తడిస్తే మాత్రం, బడిలో తడిగుడ్డతో తుడిచిన పలక వాసన లేస్తుంది. ఆ వాసన ముక్కుకు తగులుతుండగా ఖాదరు టీ దుకాణంలో కూర్చున్నాను. పక్కబల్ల మీద ఎవరో ఫోనులో వార్తలు పెట్టారు. దక్షిణ అమెరికాలో ఏదో దేశంలో కొత్త ప్రభుత్వం వచ్చిందట, కొత్త మంత్రులు ప్రమాణం చేశారట. ఆర్థికమంత్రి ఇదివరకు బ్యాంకులో పెద్ద ఉద్యోగి, రక్షణమంత్రి రిటైరైన సైనికాధికారి, గనుల మంత్రి గనుల కంపెనీల తరఫున వాదించిన లాయరు అని వార్తలు చదివే అమ్మాయి ఊపిరి తీసుకోకుండా చెబుతోంది.

"ఆపొద్దు నాయనా, మిగిలినోళ్ళ సంగతి గూడా విననీ" అన్నాను.

"నీకెందుకు పెద్దనాయనా ఆ దేశం గొడవ? వాళ్ళేమన్నా నీకు పింఛనిస్తారా?" అన్నాడు ఖాదరు.

నాకు రోషం వచ్చింది. "ఒరే ఖాదరూ, మంత్రి కాకమునుపు ఏం పని చేసినావు అని ఈ లోకంలో మొట్టమొదట అడిగిచ్చింది నేనురా. ఇదే మార్కాపురంలో ఒక మంత్రిని నిలబెట్టి అడిగిచ్చినా. నీళ్ళు నమిలినాడు. ఆ దెబ్బతోనే పేపరోళ్ళు మంత్రుల ముందు బతుకులు రాయడం మొదలుపెట్టినారు" అన్నాను. దుకాణమంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చి చొక్కా విప్పుతుంటే ఆ తడి పలక వాసన దానికీ పట్టుకుని ఉంది. నవ్వు ఆగిపోయింది. ఆ ప్రశ్న నాది కాదు. నేను అడిగించిందీ లేదు. అది జ్ఞానమ్మత్త ప్రశ్న. ఆమెను చూడనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

మా నాయన వెలిగండ్ల పక్కన గొర్రెలు కాసేవాడు. నన్ను చదువుకొమ్మని మార్కాపురం పంపితే ఇంటర్ తప్పాను. ఊరికి పోయి మొహం చూపించలేక పలకల షెడ్డులో చేరాను. నా గొంతు విని ముచ్చటపడి నన్ను వార్తలు చదివేవాడిగా పెట్టుకున్నారని ఇన్నేళ్ళూ అందరికీ చెప్పుకున్నాను. మా మనవరాళ్ళు ఇప్పటికీ అదే నమ్ముతున్నారు. నిజం ఏమిటంటే నాకు పని రాదు. పలకకు నాలుగువైపులా కర్ర ఫ్రేము బిగించాలి. నేను బిగిస్తే ఒక మూల కలిసినప్పుడు ఎదుటి మూల నోరు తెరిచేది. సుత్తి దెబ్బ కాస్త గట్టిగా పడితే పలక పుటుక్కుమనేది. మేస్త్రి నన్ను వెళ్ళగొట్టే రోజు దగ్గరపడిందని షెడ్డులో అందరికీ తెలుసు. అప్పుడు మూలనుంచి జ్ఞానమ్మత్త అంది: "అల్లుడా, నీ చేతికి పని పట్టుబడదు. నోటికేమన్నా పట్టుబడుతుందేమో చూద్దాం. ఆ పేపరు తియ్యి."

ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. అందరిదీ చేసినన్ని పలకలకు కూలి దొరికే పని. పేపరు చదివేవాడు చేతులు ఆపాలి కాబట్టి వాడికి ఆ పూట కూలి ఉండదు. అందుకని వినేవాళ్ళందరూ సాయంత్రం తమ దొంతిలోనుంచి కాసిని పలకలు తీసి చదివినవాడి దొంతిలో పెట్టేవాళ్ళు. ఎవరు ఎన్ని పెట్టారో ఎవరూ చూడకూడదు, అది జ్ఞానమ్మత్త పెట్టిన కట్టడి. పెట్టేటప్పుడు అందరూ గోడవైపు తిరిగేవాళ్ళు. ఆ రకంగా నా దొంతి అందరికంటే ఎత్తుగా లేచేది. సాయంత్రం లెక్కకు వచ్చిన మేస్త్రి దాన్ని చూపించి, "చదువుకున్నోడి చేతివాటమే వేరు" అనేవాడు. ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకునేవాళ్ళు. నేను మాత్రం ఆ మెప్పును కాదనకుండా తల ఊపేవాణ్ణి.

జ్ఞానమ్మత్త నాకు ఏమీ కాదు. ఆమెది కనిగిరి వైపు ఒక క్రైస్తవ కుటుంబం. షెడ్డులో ఆమె అందరికీ అత్త, అంతే. నడిమి వయసుకే జుట్టు పూర్తిగా తెల్లగా కనిపించేది. ఆదివారం తలంటుకుని చర్చికి పోతున్నప్పుడు చూస్తే నల్లటి జుట్టు! వారంలో ఆరు రోజులు ముసలిదిగా, ఒక్కరోజు పడుచుదిగా ఉండే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. పలకను నున్నగా రుద్దే మిషను మా షెడ్డులోనే, ఆమె కూర్చునే మూలకు ఎదురుగా ఉండేది. దానినుంచి లేచే బూడిదరంగు దుమ్ము మా రెప్పల మీద, మంచినీళ్ళ కుండ మీద, అన్నం గిన్నె మీద వాలేది. ఆమె భర్త ఏలియా ఆ మిషను దగ్గరే పనిచేసి, దగ్గి దగ్గి చచ్చిపోయాడు. టీబీ అని మాత్రలు మింగించారు, అవి పని చెయ్యలేదు. నేను చేరేనాటికి ఆమెకూ దగ్గు మొదలైంది. దుమ్మును బయటికి లాగే ఫ్యాను ఒకటి పెట్టించమని ఆమె యజమానిని అడుగుతూనే ఉండేది. ఆయన "చూద్దాంలే" అంటూనే ఉండేవాడు.

పేపరు మా షెడ్డు యజమాని ఇంటినుంచి ఒకరోజు ఆలస్యంగా వచ్చేది. ఉన్నది ఉన్నట్టు చదవడం నా వల్ల అయ్యేది కాదు. గిద్దలూరు పక్కన వడగళ్ళు పడ్డాయని ఉంటే, ఒక్కొక్కటి గుమ్మడికాయంత అని చేర్చేవాణ్ణి. దొంగ దొరికాడని ఉంటే వాడు ఏడ్చిన ఏడుపు కూడా వినిపించేవాణ్ణి. ఆమె తల ఎత్తేది కాదు. సుత్తి మాత్రం ఆగేది.

"అది పేపర్లో ఉందా, నీ నోట్లో ఉందా?"

"నోట్లో ఉందత్తా."

"మింగు."

మళ్ళీ సుత్తి మోగేది. నా జీవితంలో నాకు దొరికిన చదువు ఇంతే. తర్వాత ఆ షెడ్డు వదిలి కోర్టు దగ్గర దరఖాస్తులు రాసుకుని బతికాను. కలం పరుగెత్తినప్పుడల్లా ఆ ఒక్కమాట వినపడేది. ఎప్పుడూ వినపడిందని చెబితే అది కూడా నోట్లోదే అవుతుంది.

మంత్రులు మారినప్పుడు మాత్రం షెడ్డుకు పండగ. పేపర్లో ఒక్కొక్కరి గురించి నాలుగు ముక్కలు వేసేవాళ్ళు. పుట్టిన ఊరు, చదువు, పిల్లలు ఎందరు, అవన్నీ ఆమెకు అక్కర్లేదు. "మంత్రి కాకమునుపు ఏం పని చేసినాడంట? అది చెప్పు" అనేది. ఒకాయన పేరు కింద 'సమాజసేవ' అని ఉంది.

"అదేం పనిరా అల్లుడా?"

"జనానికి సేవ చెయ్యడమంట అత్తా."

"కూలెవరిస్తారంట?"

షెడ్డంతా గొల్లుమంది. నవ్వు కాస్తా దగ్గుగా మారింది. ఒకరి తర్వాత ఒకరు దగ్గుతూ పోయారు. ఆ దగ్గులన్నీ ఆగేదాకా నేను పేపరు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మా షెడ్డులో ఏ నవ్వయినా చివరికి అక్కడికే వచ్చేది.

ఒకరోజు చదవడానికి ఏమీ లేక లోపలి పేజీకి పోయాను. దక్షిణ అమెరికాలో ఒక దేశంలో కొత్త మంత్రివర్గం. ఆ దేశం పేరు దగ్గరే నా నాలుక మడతపడింది. "ఆ పేరొదిలెయ్యి, పనులు చెప్పు" అన్నారు. లాయరు. ఇంకో లాయరు. సైన్యంలో అధికారి. వేల ఎకరాల్లో పశువులు మేపించే ఆసామి. "మేపిచ్చేటోడా, మేపేటోడా?" అని ఎవరో అడిగితే, మా నాయన గుర్తొచ్చి నేనూ నవ్వాను. ఆఖరిది కార్మికమంత్రి. ఆడమనిషి. గనిలో రాళ్ళు ఏరే కూలి.

సుత్తులన్నీ ఆగాయి. ఎవరూ నవ్వలేదు. జ్ఞానమ్మత్త తల ఎత్తి చూసింది. అడగాల్సిన మాటే అడిగింది: "పేపర్లో ఉందా, నీ నోట్లో ఉందా?"

"పేపర్లోనే ఉందత్తా."

"మింగు."

"ఒట్టు అత్తా, పేపర్లోనే ఉంది!"

అన్నాళ్ళ నా అబద్ధాలన్నీ నమ్మి నవ్వినవాళ్ళు ఆ ఒక్క నిజాన్ని నమ్మలేదు. ఆమె లేచి వచ్చి పేపరు తీసుకుంది. చర్చిలో బైబిలు పట్టుకుని నేర్చుకున్న చదువు ఆమెది. వేలు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ ఆ వాక్యం చదివింది. మళ్ళీ చదివింది. వేలి దుమ్ము ఆ వాక్యం పొడుగునా చారలాగా పడింది. పేపరు నాకు తిరిగి ఇచ్చి, నా పక్కనే కూర్చుంది.

"ఏం గనంట?"

"తగరం గనంట."

"దుమ్మొస్తుందా దాంట్లో?"

"రాకుండా ఎట్లుంటది?"

మళ్ళీ అడిగింది: "ఆమెకు దగ్గుందా?"

నా నోట్లో బోలెడు జవాబులు ఉన్నాయి. ఉందని చెప్పవచ్చు, మందులతో తగ్గిందని చెప్పవచ్చు, మంత్రి కాగానే గనులన్నిట్లో ఫ్యాన్లు పెట్టించిందని కూడా చెప్పవచ్చు. ఆమె మొహం చూసి ఒక్కటీ బయటికి రాలేదు. "పేపర్లో లేదత్తా" అన్నాను. ఆమె తల ఊపి తన మూలకు పోయింది. ఆ రోజంతా ఇంకేమీ చదవమనలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు మన రాష్ట్రంలోనూ మంత్రులు మారారు. కొత్త మంత్రి ఒకాయన మా ఊరిమీదుగా పోతూ షెడ్డు దగ్గర ఆగుతాడని, పలకల పని చూస్తాడని కబురొచ్చింది. యజమాని గేటుకు మామిడాకులు కట్టించాడు. జ్ఞానమ్మత్త ముందురోజే నాతో చెప్పింది. "ఫ్యాను సంగతి నేనే అడుగుతా. దానికన్నా ముందు ఈ మాట అడుగుతా. ఏం పని చేసినాడో తెలిస్తే మనకు ఫ్యాను వచ్చేదీ రానిదీ అక్కడే తెలిసిపోతుంది." ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. కూతురు సలోమి కూడా ఆ షెడ్డులోనే పని చేసేది. తల్లీకూతుళ్ళు ఇద్దరే గేటు దగ్గరికి పోయారు. మమ్మల్ని మేస్త్రి లోపలే కూర్చోబెట్టాడు.

ఇక్కడ ఇన్నేళ్ళుగా నేను చెప్పిన కథలో ఆ మంత్రికి చెమటలు పోసేవి, ఆయన పంచె కుచ్చిళ్ళు సర్దుకునేవాడు, వెనక ఉన్న పోలీసు కూడా నవ్వు ఆపుకునేవాడు. అవన్నీ నావి. నేను ఏదీ చూడలేదు. నాకు తెలిసింది ఆమె చెప్పిందే. కాసేపటికి తిరిగి వచ్చి, తన మూలలో కూర్చుని, సుత్తి చేతిలోకి తీసుకుంది. అందరం ఆమెవైపే చూస్తున్నాం. "అడిగినా" అంది. "నీళ్ళు నమిలినాడు" అంది. అంతకుమించి ఒక్కమాట లేదు. ఆమె చెప్పిందంటే కళ్ళతో చూసినట్టే. లేనిది ఒక్క ముక్క కూడా ఆ నోట రాదని షెడ్డులో అందరికీ తెలుసు. ఆ పూట మా చేతుల్లో సుత్తులు వేరేరకంగా మోగాయి.

ఫ్యాను రాలేదు. ఆ ఏడు గడిచేలోపే ఆమె షెడ్డుకు రాలేని స్థితికి వచ్చింది. సాయంత్రాలు నేను వాళ్ళ పేటకు పోయి మంచం పక్కన కూర్చుని పేపరు చదివేవాణ్ణి. పడుకుంటే ఊపిరి ఆడదని గోడకు దిండు ఆనించి కూర్చోబెట్టేవాళ్ళు. ఆ రోజుల్లో ఒకసారి, ఆమె మొహంలో కాస్త వెలుగు చూద్దామని, "అత్తా, ఇప్పుడు మన గనుల మంత్రి కూడా ఒకప్పుడు పలకలు కొట్టినోడేనంట" అని చదివాను. ఆమెకు మాట్లాడే శక్తి లేదు. చెయ్యి లేపి తన గొంతు మీద పెట్టి, పైనుంచి కిందికి మెల్లగా రాసింది. నేను మింగాను. అదే ఆమె నాతో ఆడిన చివరి మాట అనుకుంటాను. ఆ వారంలోనే ఆమెను సమాధుల తోటకు తీసుకుపోయాం.

ఇప్పటికీ ఏ దేశంలో మంత్రులు మారినా ఆ వార్తను వదలను. పేర్లు చూడను, పార్టీలు చూడను. మునుపు ఏం పని అన్న ముక్క దగ్గర వేలు పెట్టి చదువుతాను. లాయర్లు ఉంటారు, బ్యాంకుల వాళ్ళు ఉంటారు, సైన్యం వాళ్ళు ఉంటారు. ఆ రాళ్ళు ఏరిన ఆడమనిషి ఎంతకాలం మంత్రిగా ఉందో, ఆమెకు దగ్గు ఉందో లేదో నాకు ఇంతవరకు తెలియలేదు. ఫ్యాను రాకపోయినా, మనిషి మిగలకపోయినా, ఒక మంత్రి మొహం మీద ఆ ప్రశ్న పడింది కదా అన్న ఒక్క తృప్తితో ఇన్నేళ్ళు నెట్టుకొచ్చాను.

ఇంతవరకు రాసి, తప్పులుంటే సలోమి చెబుతుందని బస్సెక్కి గిద్దలూరు పోయాను. ఆమె ఇప్పుడు అక్కడే ఉంటోంది. చేటలో వేరుశనక్కాయలు పోసుకుని ఒలుస్తూ, నేను చదువుతుంటే విన్నది. వడగళ్ళ దగ్గర నవ్వింది. తల్లి గొంతు రాసుకున్న చోట చేట పక్కన పెట్టి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. అంతా అయ్యాక చేట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది.

"బాగుంది మామా. ఆ మంత్రి ముక్క మాత్రం కొట్టెయ్యి" అంది.

"చెమటలూ కుచ్చిళ్ళూ నావేనని రాసినా గదమ్మా?"

"వాటి గురించి కాదు. నువ్వు లోపలున్నావు. గేటు కాడ అమ్మ పక్కన నిలబడింది నేను. ఆయన కారు దిగనే లేదు. అమ్మ అద్దం కాడికి పోయి 'అయ్యా' అనింది. దగ్గు తెర వచ్చింది. ఆయన అద్దం ఎక్కించుకున్నాడు, కారు పోయింది. అమ్మ అడగలా మామా. మీరంతా చూస్తా ఉంటే అడిగినానని చెప్పింది, అంతే."