గత్తం బండికి ఆశీలు

ఏ పెళ్ళికి వెళ్ళినా నాకు వేడి పప్పు దక్కదు. విస్తరి ముందు కూర్చున్నానో లేదో, ఎవరో ఒకరు "మాస్టారూ, ఏదో ఒకటి సెప్పండి, నవ్వుకుంటాం" అంటారు. నేను చెబుతాను. వాళ్ళు నవ్వుతూ తింటారు. నా పప్పు చల్లారిపోతుంది. లోకంలో ఇంతకన్నా పెద్ద కష్టాలున్నాయని ఒప్పుకుంటాను.

కాని అలా నవ్వించిన నవ్వుల్లో ఒకటి ఇన్నేళ్ళుగా నా మెడ మీద కాడిలా ఉంది. మొన్నటిదాకా దించుకోలేదు. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరు నన్ను ఎరగరు గనుక మీతో చెబుతున్నాను.

అరవైల చివరి మాట. రాజాం వైపు మా ఊరు. వానలు పడితే పెద్ద రోడ్డు చేరడానికి చెప్పులు చేత్తో పట్టుకుని బురదలో నడవాలి. నేను అప్పుడే బి.ఏ. పూర్తిచేసి పక్క ఊరి హైస్కూల్లో మాస్టరుగా చేరాను. కాళ్ళు కడుక్కోవడమే నా మొదటి పీరియడు. ఆ రోజుల్లో కొత్త చట్టం ఒకటి వచ్చింది. సర్కారు దగ్గర సొమ్ము లేని చోట ప్రైవేటు ఆసామి రోడ్డు వేయవచ్చు. వేసినందుకు కొన్నేళ్ళు గేటు పెట్టి, దాటే బండ్ల దగ్గర ఆశీలు వసూలు చేసుకోవచ్చు. మా రోడ్డుకు ఒక రైసుమిల్లు యజమాని ముందుకొచ్చాడు. ఇక ఊరు ఒప్పుకోవాలి. ఇంగ్లీషులో ఉన్న చట్టాన్ని ఊరికి విడమరిచి చెప్పే పని నాకు అప్పగించారు.

శ్రద్ధగా చదివాను. అదే వచ్చిన చిక్కు. బిల్లుగా ఉన్నప్పుడు, సొంత పొలానికి పోయే రైతు బండికి ఆశీలు లేదని ఉంది. చట్టమయ్యేసరికి ఆ వాక్యం లేదు. ఎవరు తీశారో, ఎందుకు తీశారో నాకు తెలియదు. తీసేశారని మాత్రం తెలుసు.

మిల్లు కళ్ళంలో సభ. నేను ముగించబోతుండగా మా మేనమామ లేచాడు. నన్ను విజయనగరం కాలేజీకి పంపాలని మా నాన్నతో పోట్లాడినవాడు ఆయనే.

"ఒరే అల్లుడా, తెలీకడుగుతన్నాను. నా మడిసెక్క గేటుకి అవతలుంటాది. గత్తం తోలుకెల్తే దానికీ ఆశీలు కట్టాలేటి?"

గత్తమంటే పశువుల ఎరువు. 'కట్టాలి' అంటే సరిపోయేది. అలా అంటే సభ అక్కడే ఆగుతుంది, రోడ్డూ ఆగుతుంది, నా కాళ్ళు మళ్ళీ బురదలో ఉంటాయి. ఇదంతా ఆ క్షణంలో ఆలోచించే అన్నానా? లేక అంతమంది నా నోటికేసి చూస్తుంటే, చేతికందిన హాస్యాన్ని వదులుకోలేకపోయానా? రెండోదే అయితే నేను కొంచెం తక్కువ దుర్మార్గుణ్ణి అవుతానా? తేల్చుకోలేకపోయాను.

"మావా, నీ గత్తం బండి కంపుకి గేటువాడు ముక్కు మూసుకుని ముందే పారిపోతాడు. ఇంక ఆశీలెవడడుగుతాడు?"

కళ్ళం గొల్లుమంది. మా ఊళ్ళో ఒకసారి నవ్వేసిన ప్రశ్నను మళ్ళీ అడగరు. అడిగితే సరసం తెలియని మనిషంటారు. మావయ్య కూర్చున్నాడు. చేతులు లేచాయి. రోడ్డు వచ్చింది.

గేటువాడు పారిపోలేదు. అతనికి ఏడాది పొడుగునా జలుబనుకుంటాను.

పోయేటప్పుడూ కట్టాలి, వచ్చేటప్పుడూ కట్టాలి. మావయ్య బండిని గేటుకు ఇవతలే విప్పేసేవాడు. ఆయనా అత్తా గత్తం తట్టల్లోకి ఎత్తుకుని, నెత్తిన పెట్టుకుని, గేటు దాటి మడిచెక్కకు మోసేవారు. నడిచే మనిషికి ఆశీలు లేదు. సైకిలుకూ లేదు. నేను చెప్పులు తొడుక్కుని, గంట కొట్టి, వాళ్ళను దాటుకుంటూ బడికి పోయేవాణ్ణి. పిల్లలు ఆయన్ని 'గత్తం మావ' అనడం మొదలుపెట్టారు. నేను చెప్పిన హాస్యాల్లో అంతకాలం నిలిచింది మరొకటి లేదు.

ఊరుకున్నానని అనుకోకండి. తిరిగాను. పంచాయతీ సమితి ఆఫీసుకు వెళితే అది మిల్లాయన హక్కన్నారు. మిల్లాయన దగ్గరకు వెళితే అది చట్టమన్నాడు. చట్టమేమో హైదరాబాదులో ఉంది. రోడ్డు గోతులు పడితే అది సర్కారు రోడ్డు, బండి వస్తే మిల్లాయన రోడ్డు. ఇద్దరూ కలిసి చేసే పనంటే ఇదన్నమాట. కాని అంత తిరిగినవాణ్ణి, చట్టంలో ఏముందో నాకు ముందే తెలుసన్న సంగతి మాత్రం ఏ ఆఫీసులోనూ, ఏ ఇంట్లోనూ అనలేదు. నేను అబద్ధమాడలేదు కదా అని నాకు నేనే వకీలునై వాదించుకున్నాను. ఆ వకీలు ఎన్నడూ గెలవలేదు.

అత్త మెడ పట్టేశాక మావయ్య మడిచెక్క అమ్మేశాడు. కొన్నదెవరో ఊహించడానికి బి.ఏ. అక్కర్లేదు.

మొన్న మావయ్య దగ్గరకు వెళ్ళి చెప్పేశాను. అరుగు మీద కూర్చుని తాడు పేనుతున్నాడు. ఉన్నదున్నట్టు, ఒక్క హాస్యం కూడా కలపకుండా చెప్పాను. నా జీవితంలో నేను చేసిన అతి పేలవమైన ఉపన్యాసం అదే. మడిచెక్క తిరిగి రాదు, అత్త మెడ తిరగదు. అయినా చెప్పి ఊపిరి పీల్చుకున్నాను. ఆ తేలికకు నేను అర్హుణ్ణి కాను. అయినా వచ్చింది.

మావయ్య చేతిలో తాడు ఆగింది.

"ఆ దినం నీ మాటకి అందరికన్నా ముందు నవ్వినోణ్ణి నానేరా," అన్నాడు.