సారుగారిలో ఉప్పు

ఆ రోజుల్లో ఢిల్లీలో నాకు కొదవ లేకుండా దొరికింది కోపం ఒక్కటే. లెక్కల మాస్టారి మీద అలిగి ఎనిమిదిలోనే బడి మానేసినవాణ్ణి (ఆయన పండగ చేసుకునే ఉంటారు), కాకినాడ నుంచి వచ్చి బేర్ సరాయ్‌లో మామయ్య గదిలో దిగి, ఆయన మాటసాయంతో ఒక పరిశోధన ఆఫీసులో రోజుకూలీకి కుదిరాను. సముద్రంలో ఉప్పెంతుందో ఆకాశం నుంచి కనిపెట్టే యంత్రం తయారుచేస్తున్నారక్కడ. నీళ్ళు కూడా కంటికి కనబడని రేడియో తరంగాలు సన్నగా వదులుతాయట. ఉప్పు పెరిగేకొద్దీ ఆ వదలడం తగ్గుతుందట. ఢిల్లీకి సముద్రం లేదు కాబట్టి డాబా మీద తొట్టి కట్టించి, దాని పైన కిందికి చూసేలా యంత్రం బిగించి, తొట్టిలో ఉప్పు కలిపే పని నాకిచ్చారు.

పైవాళ్ళు చూడ్డానికొచ్చే రోజు, ఎముకలు కొరికే చలిలో బస్తా ఉప్పంతా కలిపాను. పెద్దసారు (గుంటూరాయన, నన్ను తెలుగులో తిట్టగలిగింది ఆయనొక్కరే) తొట్టి మీదికి వంగి చూశారు. యంత్రం మంచినీళ్ళంది. ఇంకో బస్తా పోయించి, ఇంకా కిందికి వంగారు. ఈసారి మరీ మంచినీళ్ళంది.

"ఉప్పెక్కడ అమ్ముకున్నావురా?"

నా ఒళ్ళు మండిపోయింది. "ఉప్పమ్ముకుని బాగుపడేవాణ్ణయితే కాకినాడలోనే ఉండేవాణ్ణి కదండీ, అక్కడ సముద్రమే ఉంది" అన్నాను. తిన్నింటి వాసాలు లెక్కపెట్టే రకమనీ, రేపట్నుంచి రావద్దనీ తేల్చేశారు. దొంగనిపించుకుని ఏ ముఖంతో మామయ్య గదికి పోను? నాలిక పెట్టి చూడమన్నాను. ముట్టుకోకుండా కనుక్కోడానికే కదా ఇంత యంత్రం పెట్టామన్నారు. చెంబుతో ముంచి ముందు పెడితే, యంత్రం కన్నా నీ చెంబు గొప్పదా అన్నారు. (గొప్పదనే ఇవాళ్టికీ నా అభిప్రాయం.)

యంత్రం దగ్గర కూర్చున్న బెంగాలీ మేడమ్ మా అరుపులన్నీ విని, "సర్, ఆప్ జరా హటియే" అన్నారు మెల్లగా. సారు జరిగారు. యంత్రం ఉప్పు చూపించింది. మళ్ళీ వంగారు, మళ్ళీ మంచినీళ్ళు. మనిషి ఒళ్ళు కూడా ఆ తరంగాలు దండిగా వదులుతుందట. ఇంతసేపూ యంత్రం నీళ్ళతోపాటు సారునీ కలిపి కొలిచేసింది.

"తమరు ఉప్పూకారం తినడం లేదని యంత్రమే చెప్పిందండీ" అన్నాను. మేడమ్‌కి తెలుగు రాకపోవడం ఆయన అదృష్టం. సారు తొట్టి వంక, నా వంక చూసి, గొంతు సవరించుకుని, "టీ తాగుతావా?" అన్నారు.

"తాగను" అని విసవిసా మెట్లు దిగిపోయాను. పైవాళ్ళున్నంతసేపూ ఆయన గోడకి అతుక్కుని నించున్నారట. మర్నాడు నేను పనిలోకెళ్ళాను, ఎవరూ వద్దనలేదు. ఆ కోపం మాత్రం ఇప్పటికీ చల్లారలేదు. కాకపోతే, 'తప్పయిందిరా' అనే మాట ఆయన నోట అంతకన్నా స్పష్టంగా రాదని ఆ వయసులో నాకేం తెలుసు? ఇప్పుడైతే ఆ టీ తాగి, ఇంకోటి కూడా అడిగి తాగి, అప్పుడు దిగేవాణ్ణి విసవిసా.